నడుములో స్టెరాయిడ్ ఇంజెక్షన్: కాలికి పాకే నొప్పికి అది ఎంతవరకు పనికొస్తుంది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీకు 46 ఏళ్లు, షుగరు ఉంది. ఏడు నెలలుగా ఉన్న నడుము నొప్పి కుడి పిరుదు నుంచి తొడ వెనకగా, పిక్క బయటి అంచు మీదుగా పాదం పైభాగానికి దిగుతోంది; బొటనవేలు మొద్దుబారుతోంది. నాలుగో, ఐదో నడుము పూసల మధ్య డిస్క్ వెనక్కి పొడుచుకు వచ్చి కుడివైపు ఎల్5 (ఐదో నడుము) నరం మొదలును నొక్కుతోందని ఎమ్మారై నివేదికలో ఉంది. నొప్పి మాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్, ఆరు వారాల ఫిజియోథెరపీ అయిపోయాయి. మీ వైద్యుడు ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్, అంటే వెన్ను లోపల నరాల పొర బయటి ఖాళీలోకి వాపు తగ్గించే మందు, చేయించుకోమన్నారు. మీ బావగారేమో కాళ్లు పడిపోతాయని, ఎముకలు గుల్లబారిపోతాయని భయపెట్టారు. దీనితో నొప్పి నయమవుతుందా, ఎన్నిసార్లు చేయించుకోవాలి, ఆపరేషన్ తప్పుతుందా అని మీరు అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా నొప్పి చికిత్సలోనే ఉన్న వైద్యుణ్ణి; ఈ ఇంజెక్షన్లు స్వయంగా చేస్తాను, చేయనని తిప్పి పంపినవారూ తక్కువేమీ కాదు. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఇంజెక్షన్ పని చేస్తే మీ కాలికి చేస్తుంది; నడుముకు కూడా చేస్తుందని ఆశ పెట్టుకోకండి. పని చేసినప్పుడు కూడా ఆ ఉపశమనం వారాల లెక్కలో, మహా అయితే రెండు మూడు నెలలు ఉంటుంది. ఆ వ్యవధితో మీకు అవసరం ఉంటే చేయించుకోవడం సబబే, లేకపోతే వద్దనడమూ సబబే. మిగిలినదంతా ఈ మాటకు వివరణ.

మొదట మీ నొప్పిని రెండుగా విడదీయాలి. నా దగ్గరికి వచ్చినవారిని నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: మొత్తం నొప్పి వంద పాళ్లు అనుకుంటే, నడుములో ఎంత, మోకాలి కిందికి ఎంత? "కాలిదే ఎనభై, నడుము నేను ఓర్చుకోగలను" అన్నవారికి ఈ ఇంజెక్షన్ గురించి మాట్లాడటంలో అర్థం ఉంది. "నడుమే తొంభై, కాలు ఎప్పుడో ఒకసారి గుంజుతుంది" అన్నవారికి ఇది సరైన మందు కాదు. నరం మొదలు దగ్గర పుట్టే నొప్పికి ఒక తీరు ఉంటుంది: సన్నని పట్టీలా కాలి వెంట దిగుతుంది, కరెంటు కొట్టినట్టో మండినట్టో ఉంటుంది, తుమ్మినా దగ్గినా ముక్కినా ఒక్కసారిగా పిక్కలోకి దూకుతుంది. ఎల్5 నరమైతే పాదం పైభాగం, బొటనవేలు తిమ్మిరెక్కుతాయి; మడమల మీద నడవమంటే ఆ వైపు పాదం ముందుభాగం పైకి లేవకుండా జారుతుంది. దాని కిందిదైన ఎస్1 నరమైతే తిమ్మిరి పాదం బయటి అంచుకు, చిటికెన వేలికి పోతుంది. మునివేళ్ల మీద లేవడం కష్టమవుతుంది, మడమ వెనక సుత్తితో కొడితే రావలసిన కదలిక తగ్గుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తినప్పుడు ముప్పై, నలభై డిగ్రీల దగ్గరే పిక్కలోకి లాగితే నరం చిరాకుగా ఉందని అనుకోవచ్చు. మీరు రాసిన వివరాల ప్రకారం మీ కాలి నొప్పి దారి ఎల్5 దారితో సరిపోతోంది. ఎమ్మారై కూడా అదే నరాన్ని, అదే వైపు చూపిస్తోంది. మీ వైద్యుని పరీక్ష కూడా కలిసి, లక్షణం, పరీక్ష, చిత్రం మూడూ ఒకే చోటికి వేలు చూపిస్తే అది మంచి సంకేతం.

ఈ మూడూ కలవాలని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఎమ్మారై ఒక్కదాన్నే నమ్మితే దారి తప్పుతాం. నడుము నొప్పి అసలే లేని మనుషుల నడుము చిత్రాల మీద వచ్చిన అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూశారు. నొప్పి లేని ఇరవై ఏళ్లవారిలో దాదాపు 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. అంటే నివేదికలో "డిస్క్ బల్జ్" అన్న మాట ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం దొరికిందని కాదు. నివేదిక చేతిలో పట్టుకుని, కాలు కనీసం తాకి చూడకుండా ఇంజెక్షన్‌కు తేదీ ఇచ్చే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఇక నరం ఎందుకు నొప్పి పెడుతుందన్నది చూద్దాం, ఎందుకంటే స్టెరాయిడ్ చేయగలిగినదీ చేయలేనిదీ అక్కడే తేలుతుంది. పగిలిన డిస్క్ నరాన్ని నొక్కడం వల్ల ఇటువంటి కాలి నొప్పి వస్తుందని 1934లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ శస్త్రవైద్యులు ప్రచురించిన తర్వాత, చాలా కాలం పాటు దీన్ని కేవలం ఒత్తిడి వ్యవహారంగానే చూశారు. అయితే నొక్కితే మొద్దుబారుతుంది గాని, అంత మంట ఎందుకు పుట్టాలి? మోచేతి కింద నరం నొక్కుకున్నప్పుడు వేళ్లు తిమ్మిరెక్కడం అందరికీ అనుభవమే. అది ఏడు నెలలు నిద్ర పట్టనివ్వని నొప్పి కాదు. 1990ల మొదట్లో పందుల మీద జరిగిన ప్రయోగాల్లో, డిస్క్ లోపలి గుజ్జును ఏ ఒత్తిడీ లేకుండా నరాల మొదళ్ల మీద ఊరికే ఉంచినా అవి దెబ్బతిన్నాయి. ఆ గుజ్జులో వాపును రేపే పదార్థాలు, ఫాస్ఫోలైపేజ్ ఎ2 వంటి ఎంజైమ్‌లు, టీఎన్ఎఫ్ ఆల్ఫా వంటివి ఉన్నాయని కూడా తేలింది. అంటే మీ ఎల్5 నరానికి రెండు బాధలు ఉన్నాయి: ఒకటి నొక్కుడు, రెండోది రసాయనాల వల్ల పుట్టిన మంట, వాపు. స్టెరాయిడ్ ఈ రెండోదాని మీద పని చేస్తుంది. పొడుచుకు వచ్చిన డిస్క్‌ను అది లోపలికి నెట్టదు, కరిగించదు, ఇరుకైన ఎముక దారిని వెడల్పు చేయదు.

డిస్క్ విషయానికొస్తే, దాన్ని తగ్గించే పని చాలామందిలో శరీరమే చేసుకుంటుంది. బయటికి పూర్తిగా తెగిపడిన ముక్కను పరాయి వస్తువుగా గుర్తించి రక్తకణాలు కొద్దికొద్దిగా తినేస్తాయి. విచిత్రమేమిటంటే, చిత్రంలో భయంకరంగా కనిపించే పెద్ద తెగిన ముక్కలే తొందరగా కుంచించుకుపోతాయి, ఊరికే ఉబ్బిన డిస్క్ అలాగే ఉండిపోతుంది. కొత్తగా వచ్చిన కాలి నొప్పుల్లో ఎక్కువ భాగం కొన్ని నెలల్లో తగ్గిపోవడానికి ఇదీ ఒక కారణం. ఆ కాలమంతా మనిషి నిద్ర లేకుండా, కదలకుండా గడపకూడదన్నదే ఇంజెక్షన్ వెనక ఉన్న అసలు ఆలోచన.

నడుము దిగువన ఎపిడ్యూరల్ ఖాళీలోకి మందు ఎక్కించడం కొత్త పద్ధతి కాదు. 1901లో పారిస్‌లో సికార్, కాతెలాఁ అనే ఇద్దరు వైద్యులు ఎవరికి వారు తోకఎముక పక్కనున్న రంధ్రం గుండా కొకెయిన్ ఎక్కించారు. స్టెరాయిడ్‌ను వాడటం 1950ల ఆరంభంలో మొదలైంది. ఇప్పుడు మూడు దారులు వాడుకలో ఉన్నాయి. తోకఎముక దగ్గరి దారి సులభమైనది, కానీ మందు పైకి పాకి మీ నరం దాకా చేరాలి. వెన్నుపూసల మధ్య నుంచి నేరుగా లోపలికి వెళ్లేది రెండో దారి. నరం బయటికి వచ్చే కిటికీ లాంటి రంధ్రం పక్కనుంచి, అచ్చంగా ఆ నరం మొదలు దగ్గరకే సూది మొనను తీసుకెళ్లేది మూడోది. దీన్ని ట్రాన్స్‌ఫొరామినల్ పద్ధతి అంటారు. ఒక్క వైపు, ఒక్క నరం సమస్య అయినప్పుడు ఎక్కువమంది నిపుణులు ఈ మూడోదాన్నే ఎంచుకుంటారు.

గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మిమ్మల్ని బోర్లా పడుకోబెట్టి, నడుము వంపు తగ్గేలా పొట్ట కింద దిండు పెడతారు. నడుమంతా క్రిమినాశక ద్రావణంతో తుడిచి, చర్మానికి మత్తుమందు ఇస్తారు. చురుక్కుమనేది చాలావరకు అక్కడే. పైన అర్ధచంద్రాకారపు ఎక్స్‌రే యంత్రం తిరుగుతూ ఉంటుంది. సన్నని పొడవాటి సూదిని చిత్రం చూస్తూ మిల్లీమీటర్ల లెక్కన ముందుకు తీసుకెళ్తాం. మొన సరైన చోటికి చేరిందనిపించాక, మందు ఎక్కించే ముందు, ఒక మిల్లీలీటరుకు అటూఇటూగా ఎక్స్‌రేలో కనిపించే కాంట్రాస్ట్ ద్రవం వేసి చూస్తాం. తెర మీద అది నరం వెంట నల్లటి దారంలా పాకితే సరే. క్షణంలో మాయమైపోతే రక్తనాళంలోకి పోతోందని అర్థం, అప్పుడు సూది చోటు మార్చాల్సిందే. ఆ తర్వాత మందు నెమ్మదిగా వెళ్తుంటే చాలామంది "ఇదే డాక్టర్, సరిగ్గా ఇదే నొప్పి" అంటారు, పిక్కలోకి బరువుగా దిగుతున్నట్టు ఉంటుందని చెబుతారు. తెలిసిన నొప్పే క్షణకాలం లేస్తే కంగారు పడనక్కర్లేదు. కానీ ఎన్నడూ లేని చోట కరెంటు కొట్టినట్టయితే వెంటనే నోరు విప్పి చెప్పాలి. అందుకే ఈ పని చేసేటప్పుడు పూర్తి మత్తు ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. మెలకువగా ఉన్న రోగి మాటే మాకు పెద్ద రక్షణ. మొత్తం ఇరవై నిమిషాలకు మించదు.

ఆ రోజు సాయంత్రం "కాలు తేలికైపోయింది" అనిపిస్తే దాన్ని నమ్మకండి, అది స్టెరాయిడ్‌తో కలిపి ఇచ్చిన మత్తుమందు ప్రభావం. కొన్ని గంటల్లో అది దిగిపోయి మరునాడు నొప్పి తిరిగి రావచ్చు, ఒకటి రెండు రోజులు కొంచెం పెరగవచ్చు కూడా. స్టెరాయిడ్ ప్రభావం సాధారణంగా రెండు మూడు రోజుల నుంచి వారం లోపల మొదలవుతుంది. రెండు వారాలు దాటినా తేడా కనిపించకపోతే ఆ ఇంజెక్షన్ పని చేయలేదనే అనుకోవాలి.

ఎంతమందికి పని చేస్తుంది? ఇక్కడ వైద్యులే ఒక మాట మీద లేరు, ఆ సంగతి మీకు దాచకుండా చెప్పాలి. 1997లో 158 మంది డిస్క్ రోగుల మీద జరిగిన ఒక జాగ్రత్తైన పరీక్షలో సగం మందికి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, సగం మందికి ఉప్పునీరు మాత్రమే ఎక్కించారు. స్టెరాయిడ్ తీసుకున్నవారి కాలి నొప్పి తొలి వారాల్లో కొంత ఎక్కువ తగ్గింది. మూడు నెలలు గడిచేసరికి తేడా పోయింది. ఏడాదికి ఆపరేషన్ దాకా వెళ్లినవారు రెండు వైపులా దాదాపు నలుగురిలో ఒకరే. 2020లో, వైద్య పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ 25 పరీక్షలను, 2,470 మంది రోగులను కలిపి లెక్క వేస్తే, వంద పాయింట్ల కొలబద్ద మీద కాలి నొప్పిలో స్టెరాయిడ్ తెచ్చిన అదనపు తగ్గుదల సగటున ఐదు పాయింట్లు. అది చాలామందికి తెలియను కూడా తెలియనంత చిన్న తేడా.

అయితే సగటు అనేది కొన్నిసార్లు ఉన్న సంగతిని కప్పేస్తుంది. నాకు ఎంతో పని చేసి, మీకు అసలు చేయకపోతే, ఇద్దరికీ కలిపి "కొంచెం పని చేసింది" అని వస్తుంది. 2010లో ఆస్ట్రేలియాలో 150 మంది మీద జరిగిన పరీక్షలో అందుకే సగటును పక్కన పెట్టి, నెలకు నొప్పి కనీసం సగానికి తగ్గినవారు ఎందరని లెక్కపెట్టారు. నరం పక్కనే స్టెరాయిడ్ ఇచ్చినవారిలో వారు 54 శాతం. అదే చోట మత్తుమందు మాత్రమే ఇచ్చినవారిలో 7 శాతం, ఉప్పునీరు ఇచ్చినవారిలో 19 శాతం, స్టెరాయిడ్‌ను కండకు ఇచ్చినవారిలో 21 శాతం. అంటే మందూ చోటూ రెండూ ముఖ్యమే. నా అనుభవం కూడా ఈ లెక్కకు దగ్గరగానే ఉంది: ఎంపిక సరిగ్గా ఉంటే ఇద్దరిలో ఒకరికి బాగా తేడా తెలుస్తుంది, మిగిలినవారికి చెప్పుకోదగ్గ లాభం ఉండదు. ఎవరు ఏ వైపు పడతారో ముందుగా చెప్పగల పరీక్ష లేదు.

2025 ఫిబ్రవరిలో ఒకే నెలలో రెండు పెద్ద తీర్పులు ఎదురెదురుగా వచ్చాయి. అమెరికా నరాల వైద్యుల అకాడమీ 90 అధ్యయనాలను పరిశీలించి, నరం మొదలు నొప్పిలో ఈ ఇంజెక్షన్ వల్ల మూడు నెలల వరకు నొప్పి తగ్గినవారు, తీసుకోనివారి కన్నా 24 శాతం ఎక్కువని, రోజువారీ పనుల్లో ఇబ్బంది తగ్గినవారు 16 శాతం ఎక్కువని చెప్పింది. బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన మార్గదర్శకమేమో, మూడు నెలలు దాటిన వెన్ను నొప్పికి, అది కాలికి పాకేదైనా సరే, ఇటువంటి ఇంజెక్షన్లు వద్దని గట్టిగా సిఫారసు చేసింది. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016 నుంచే మధ్యేమార్గంలో ఉంది: ఉత్త నడుము నొప్పికి వెన్నులో ఇంజెక్షన్లు ఇవ్వవద్దు, కొత్తగా వచ్చిన తీవ్రమైన సయాటికాకు (ఇలా నరం వెంట కాలికి పాకే నొప్పికి) ఆలోచించవచ్చు అంటుంది. లెక్కలు ఒకటే అయినా తీర్పులు వేరవడానికి కారణం, కొన్ని వారాల పాటు ఉండే లాభానికి ఎంత విలువ కట్టాలన్న దానిలో తేడా. మూడు రాత్రులుగా కూర్చునే నిద్రపోతున్న మనిషికి ఆరు వారాల నిద్ర చిన్న విషయం కాదు. పని చేసుకుంటూ, నడుస్తూ, అప్పుడప్పుడు గుంజుడుతో బతుకుతున్నవారికి అదే ఆరు వారాల కోసం వెన్నులోకి సూది అనవసరం.

మీ విషయంలో నన్ను ఆలోచింపజేస్తున్నది ఆ ఏడు నెలలే. మొదటి మూడు నెలల్లో ఉన్నంత పదును ఈ మందుకు తర్వాత ఉండదు, ఎందుకంటే నొప్పి పాతబడే కొద్దీ అందులో మంట, వాపుల పాలు తగ్గి, నరమే నొప్పి సంకేతాలు పంపడానికి అలవాటు పడిన పాలు పెరుగుతుంది. మీకు నొప్పి ఏడు నెలలుగా ఒకే తీరున ఉందా, లేక మధ్యలో తగ్గి ఈ ఆరు వారాల్లో మళ్లీ ఎగసిందా అన్నది మీరు రాయలేదు. రెండోదైతే ఇంజెక్షన్ వైపు నేను ఎక్కువ మొగ్గుతాను.

ఆపరేషన్ తప్పుతుందా అన్నదానికి నిక్కచ్చి జవాబు లేదు, ఉన్న ఆధారాలు చెబుతాను. 2000లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఆపరేషన్ తప్పదని తేల్చిన 55 మందికి నరం దగ్గర ఇంజెక్షన్లు ఇచ్చారు. స్టెరాయిడ్ కలిపిన 28 మందిలో 20 మంది, మత్తుమందు మాత్రమే ఇచ్చిన 27 మందిలో 9 మంది ఆపరేషన్ వద్దనుకున్నారు. పైన చెప్పిన 1997 పరీక్షలో మాత్రం ఆ తేడా రాలేదు. 2021లో బ్రిటన్‌లో 163 మంది మీద, ఏడాది లోపు సయాటికాకు ఇంజెక్షన్‌ను డిస్క్ ఆపరేషన్‌తో నేరుగా పోల్చినప్పుడు 18 వారాలకు పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందుకే ముందు ఇంజెక్షన్ ప్రయత్నించడం తెలివైన క్రమమని నేను అనుకుంటాను. అలాగని ఆపరేషన్‌ను భూతంలా చూడకండి. నాలుగు నుంచి పన్నెండు నెలల పాటు కాలి నొప్పి ఉన్న 128 మందిని రెండుగా పంచి 2020లో కెనడాలో చూస్తే, ఆరు నెలలకు ఆపరేషన్ అయినవారి కాలి నొప్పి పదిలో 2.8, కానివారిది 5.2. మీరు సరిగ్గా ఆ కాలవ్యవధిలో ఉన్నారు. ఇంజెక్షన్ పని చేయకపోతే మరో ఏడాది మాత్రలతో నెట్టుకురావడం కన్నా శస్త్రవైద్యుని అభిప్రాయం తీసుకోవడం మంచిది.

ఇక మీ బావగారి మాటలు. కాళ్లు పడిపోవడమన్నది గాలి మాట కాదు, కానీ చాలా అరుదు. అది ఎలా జరుగుతుందో తెలుసు కాబట్టి తప్పించే దారీ తెలుసు. కొన్ని స్టెరాయిడ్లు, ముఖ్యంగా మిథైల్‌ప్రెడ్నిసొలోన్, ట్రయాంసినోలోన్, నీటిలో కరగకుండా సన్నని రేణువులుగా తేలుతూ ఉంటాయి. నరం పక్కన నడిచే సన్నని ధమనుల్లో కొన్ని వెన్నుపాముకు రక్తం అందిస్తాయి. సూది పొరపాటున అందులోకి వెళ్లి ఆ రేణువులు ఎక్కితే రక్తప్రవాహం ఆగి వెన్నుపాము దెబ్బతింటుంది. అటువంటి సంఘటనల తర్వాతే 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఎపిడ్యూరల్ స్టెరాయిడ్లతో అరుదుగా చూపు పోవడం, పక్షవాతం, మరణం కూడా సంభవించవచ్చని హెచ్చరిక జారీ చేసింది. ఈ వాడకానికి ఆ మందులను తాను ఆమోదించలేదని కూడా అందులో చెప్పింది. డెక్సామెథసోన్ పూర్తిగా కరిగే మందు, రేణువులు ఉండవు. నరం పక్కనుంచి వెళ్లేటప్పుడు మొదట దాన్నే వాడటం ఇప్పుడు మేలైన పద్ధతి. రేణువుల మందు కన్నా అది పెద్దగా తీసిపోదని పోలిక అధ్యయనాలు చూపించాయి.

ఇన్‌ఫెక్షన్ కూడా అరుదే. 2012లో అమెరికాలో ఒకే చోట తయారైన మిథైల్‌ప్రెడ్నిసొలోన్ సీసాల్లో బూజు చేరి 750 మందికి పైగా జబ్బుపడ్డారు, అరవై మందికి పైగా చనిపోయారు. అది సూది వేసిన చేతి తప్పు కాదు, మందు తయారీలో జరిగిన తప్పు. కాబట్టి సీలు ఉన్న, నమ్మకమైన తయారీ సంస్థ మందు మాత్రమే వాడమని అడగడంలో మొహమాటపడనక్కర్లేదు. సూది పొరపాటున లోపలి పొరను చిల్లు చేస్తే కొన్ని రోజుల పాటు తలనొప్పి వస్తుంది. లేచి కూర్చుంటే పెరగడం, పడుకుంటే తగ్గడం దాని గుర్తు.

ఎముకలు గుల్లబారడం ఒక్క ఇంజెక్షన్‌తో జరిగే పని కాదు. కానీ ఏడాదికేడాది మళ్లీ మళ్లీ చేయించుకునేవారిలో, ముఖ్యంగా నెలసరి ఆగిన స్త్రీలలో, ఆ భయానికి ఆధారం ఉంది. నరం దగ్గర వేసినా మందు రక్తంలోకి చేరుతుంది. శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ కొన్ని వారాల పాటు అణిగి ఉంటుంది. ముఖం ఎర్రబడటం, ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం తరచూ చూస్తాం.

మీకు అన్నిటికన్నా దగ్గరి ప్రమాదం షుగరు. ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులు అది బాగా ఎగబాకుతుంది, కొందరిలో వారం వరకు ఉంటుంది. ఇప్పటికే అదుపులో లేకపోతే ముందు అదుపులోకి తెచ్చుకుని తర్వాత చేయించుకోండి. చేయించుకున్న వారమంతా ఇంట్లో రోజుకు రెండు మూడుసార్లు చూసుకోండి, మందు మోతాదు ఎలా మార్చాలో మీ షుగరు వైద్యుణ్ణి ముందే అడిగి పెట్టుకోండి. రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. వెన్ను లోపల రక్తం గడ్డకడితే నరాలు నొక్కుకుపోతాయి. అయితే ఆ మందులను మీ అంతట మీరు ఆపకండి, ఎందుకంటే గుండెకు స్టెంట్ వేసినవారు వాటిని ఆపితే జరిగే నష్టం నడుము నొప్పి కన్నా ఎంతో పెద్దది. ఒంట్లో జ్వరం, ఎక్కడైనా చీము ఉంటే వాయిదా వేయాలి. ఆపరేషన్ దగ్గర్లోనే ఉందని తెలిస్తే కూడా చెప్పండి. ఇంజెక్షన్‌కు, శస్త్రచికిత్సకు మధ్య కనీసం నెల ఎడం ఉండటం మంచిది, లేకపోతే గాయంలో ఇన్‌ఫెక్షన్ అవకాశం పెరుగుతుంది.

ఎన్నిసార్లు అన్నదానికి: మూడు ఇంజెక్షన్ల "కోర్సు" అని ముందే బేరం కుదిర్చినట్టు చెబితే ఒప్పుకోకండి. మూడు అనే అంకెకు అలవాటు తప్ప ఆధారం లేదు. మొదటిది అసలు పని చేయకపోతే అదే దారిలో రెండోది చేయడం వృథా. మొదటిది సగానికి పైగా తగ్గించి, రెండు మూడు నెలల తర్వాత నొప్పి తిరిగి వస్తే మరొకటి సబబే. ఏడాదికి మూడు నాలుగు దాటకూడదన్నది మేం పాటించే హద్దు. నిజానికి మూడో దాని దగ్గరే ఆగి, అసలు దారి సరైనదేనా అని మళ్లీ ఆలోచించాలి.

మీకు అవసరం లేకపోయినా చదివే మరొకరి కోసం ఒక మాట: అరవై దాటినవారిలో వెన్ను కాలువే ఇరుకై, కాస్త నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి, ముందుకు వంగితే తేలికపడే బాధ వేరు. 2014లో అటువంటి 400 మంది మీద జరిగిన పరీక్షలో, ఆరు వారాలకు మత్తుమందు ఒక్కటే ఇచ్చినవారికి, స్టెరాయిడ్ కలిపి ఇచ్చినవారికి చెప్పుకోదగ్గ తేడా లేదు.

ప్రెగాబలిన్ గురించి కూడా: 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా రోగులకు ఎనిమిది వారాలు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర కన్నా ఏమీ మెరుగ్గా పని చేయలేదు, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైంది. మీకు తేడా కనిపించకపోతే వైద్యునితో మాట్లాడి నెమ్మదిగా తగ్గించుకోండి, ఒక్కసారిగా మానేయకండి.

కొన్ని లక్షణాలు ఉంటే ఇంజెక్షన్ మాట పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం వస్తున్నట్టు తెలియకపోవడం లేదా బిగదీసుకుపోవడం, మలవిసర్జన అదుపు తప్పడం, కూర్చుంటే పీటకు తగిలే చోటంతా, మర్మాంగాల చుట్టూ మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం: ఇవి వెన్ను అడుగున ఉన్న నరాల కట్ట మొత్తం నొక్కుకుపోతోందనడానికి గుర్తులు. అక్కడ గంటలు కూడా లెక్కే. అలాగే పాదం ముందుభాగం ఎత్తలేక నడుస్తుంటే తడబడటం రోజురోజుకూ పెరిగితే, స్టెరాయిడ్ నొప్పిని తగ్గించి మిమ్మల్ని మోసం చేస్తుంది, బలం తిరిగి రాదు. మీరు తిమ్మిరి గురించే రాశారు, బలం గురించి రాయలేదు. ఈ రోజే గోడ పట్టుకుని పది అడుగులు మడమల మీద నడిచి చూడండి. కుడి పాదం ఎడమ పాదంలా లేవకపోతే మీ వైద్యునికి ఆ మాట ముందు చెప్పండి.

అది బాగానే ఉంటే, ఇంజెక్షన్‌కు ఒప్పుకునే ముందు నాలుగు విషయాలు అడగండి: ఏ నరానికి, ఏ దారిలో ఇస్తారు, ఎక్స్‌రే చూస్తూ, కాంట్రాస్ట్ వేసి చేస్తారా, ఏ స్టెరాయిడ్ వాడతారు, పని చేయకపోతే తర్వాతి అడుగు ఏమిటి. నాలుగోదానికి "మళ్లీ ఇంకొకటి" అన్న జవాబు మాత్రమే వస్తే మరొకరి అభిప్రాయం తీసుకోండి.

ఆ వారాల్లో ఏం చేయబోతున్నారో కూడా ముందే అనుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒక లారీ డ్రైవరు ఇంజెక్షన్‌కు ముందు వారం రోజులు ఒక చిన్న నోటుపుస్తకంలో మూడే అంకెలు రాసుకొచ్చారు: పిక్కలో మొదలవకుండా ఎన్ని నిమిషాలు కూర్చోగలిగారు, ఎన్ని నిమిషాలు నడవగలిగారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు. మొదట పన్నెండు, ఎనిమిది, ఐదు. మూడో వారానికి నలభై, ముప్పై, ఒకటి. ఆయన ఆ నొప్పి తగ్గిన నెలన్నరను పడుకుని గడపలేదు. నడక రోజుకు రెండు నిమిషాలు పెంచుకుంటూ పోయారు, అంతకు ముందు నొప్పి వల్ల చేయలేక వదిలేసిన వ్యాయామాలను ఫిజియోథెరపిస్టుతో మళ్లీ మొదలుపెట్టారు. మందు ప్రభావం దిగాక అంకెలు కొంత పడిపోయాయి గాని మొదటి చోటికి రాలేదు. మీరు కూడా ఆ మూడు అంకెలు ఈ వారం నుంచే రాయడం మొదలుపెట్టండి. ఇంజెక్షన్ చేయించుకుంటే రెండో వారంలో, ఆరో వారంలో వాటిని పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండో ఇంజెక్షన్ కావాలా వద్దా అన్నది ఆ పుస్తకం చూశాకే మీ వైద్యునితో మాట్లాడండి.